గుండెను గుచ్చిన కళావరు ఆసు: ఎం.సి. సోలార్ గురించి

మీరు అడిగినవి నాలుగు. పశ్చిమ ఆఫ్రికా నుంచి వలస వచ్చిన ఎం.సి. సోలార్ అనే ర్యాపర్ కథేమిటి? బయటి నుంచి వచ్చిన మనిషికి ఫ్రెంచ్‌లో అంత పేరెలా వచ్చింది? రేడియోల్లో ఫ్రెంచ్ పాటలకు పెట్టిన కోటా వల్లే పైకొచ్చాడన్న మాట నిజమేనా? ఫ్రెంచ్ కోర్సులో మధ్యస్థాయి అయిన బి1 ఇప్పుడే దాటిన మీరు ర్యాప్ వింటే ఫ్రెంచ్ పాడవుతుందా? చివరిదానికి ముందు చెప్పేస్తాను: పాడవదు. ఈయన పాటలతో అయితే బాగుపడుతుంది. కాకపోతే మొదటి నెల తలనొప్పి ఖాయం.

నా గురించి రెండు ముక్కలు. మాది యానాం. 1954 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ల పాలన ఉండేది కాబట్టి మా తాతగారు ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఫ్రెంచ్ మాట్లాడుతూ బతికారు. నేను ఆ భాషే పాఠాలు చెప్పుకుంటూ పాతికేళ్లుగా బతుకుతున్నాను. మధ్యలో ఆరేళ్లు పారిస్ శివార్లలో ఉన్నాను. సంగీతం గురించి నాకు తెలిసింది తక్కువ, మాటల గురించి కాస్త ఎక్కువ. ఈ జవాబు కూడా ఆ వైపే మొగ్గుతుంది, సర్దుకోండి.

ముందు 'పశ్చిమ ఆఫ్రికా వలస ర్యాపర్' అన్న మాటను కొంచెం సరిచేయాలి. ఆయన అసలు పేరు క్లోద్ ఎంబరాలి. 1969 మార్చి 5న సెనెగల్ రాజధాని డాకర్‌లో పుట్టాడు. పుట్టింది పశ్చిమ ఆఫ్రికాలోనే గానీ, తల్లిదండ్రులది చాడ్, అంటే మధ్య ఆఫ్రికా. ఆరు నెలల పసివాడిగా ఫ్రాన్స్ వచ్చాడు. పాకడం, నడవడం, మాట్లాడడం అన్నీ అక్కడే. ఫ్రెంచ్ ఆయన కష్టపడి నేర్చుకున్న పరాయి భాష కాదు, పెరిగిన భాష. 'వలస వచ్చినవాడు అంత మంచి ఫ్రెంచ్ ఎలా రాశాడు' అన్న ఆశ్చర్యం అక్కడి పెద్దమనుషులకూ ఉండేది. ఆ ఆశ్చర్యంలో ఎక్కడో చిన్న అవమానం దాగి ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ కుటుంబం మొదట ఉన్నది పారిస్‌కు ఉత్తరాన సాన్ డెనిలో. తర్వాత దక్షిణం వైపు శివార్లకు మారారు. ఆయన యౌవనమంతా విల్‌నెవ్ సాన్ జార్జ్ అనే ఊళ్లో గడిచింది. ఇక్కడ 'శివారు' అంటే మనం అనుకునే శివారు కాదు. హైదరాబాద్ శివార్లలో గేటెడ్ కమ్యూనిటీలు లేస్తాయి, ప్లాట్ల బోర్డులు కనిపిస్తాయి. ఫ్రెంచివాళ్లు 'బాన్లియు' అన్నప్పుడు కళ్లముందు మెదిలేవి వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల కరువు తీర్చడానికి కట్టిన పొడవాటి అపార్ట్‌మెంట్ దిమ్మెలు అవి. తక్కువ అద్దె, సర్కారు సాయం, నగరానికి వెళ్లాలంటే రైలు. ఫ్యాక్టరీల కోసం ఆఫ్రికా నుంచి, అల్జీరియా, మొరాకోల నుంచి మనుషులను రప్పించుకున్నన్నాళ్లు అవి కూలీల ఇళ్లు. 1974లో పనివాళ్ల వలసను ఆపేశారు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అప్పటి నుంచి టీవీలో 'బాన్లియు' అన్న మాట వినిపిస్తే కాలుతున్న కారు కూడా కనిపించడం మామూలైపోయింది.

ఈ కథలో అందరూ తొందరగా దాటేసే ఘట్టం కైరో. పన్నెండేళ్ల వయసులో కుర్రాణ్ణి ఈజిప్టులో ఉన్న బంధువు దగ్గరికి పంపారు. అక్కడ కొన్ని నెలలున్నాడు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఆఫ్రికా బంబాటా అనే డీజే నడిపిన జులు నేషన్ అనే హిప్ హాప్ సంఘం గురించి, హిప్ హాప్ గురించి ఆయనకు తెలిసింది అక్కడే. డాకర్‌లో పుట్టి, పారిస్ పక్కన పెరిగి, అమెరికా సంగీతాన్ని కైరోలో కనుక్కున్నాడన్నమాట. నాకైతే ఆయన పాటల్లో ఊళ్ల పేర్లు అంత ధారాళంగా దొర్లడానికి ఇక్కడే బీజం పడిందనిపిస్తుంది.

తిరిగొచ్చేసరికి ఫ్రాన్స్‌లోనూ గాలి మారింది. 1984లో టిఎఫ్1 చానల్ సిడ్నీ అనే గ్వాడలూప్ మూలాల డీజేతో వారం వారం హిప్ హాప్ కార్యక్రమం వేసింది. ఒక్క ఏడాదే నడిచింది. అయినా అప్పటి పిల్లల్లో ఆ ఆదివారాలు గుర్తులేనివాడు దొరకడు. 1980ల చివర రేడియో నోవాలో డీజే డీ నాస్టీ, ర్యాపర్ లియొనెల్ డి కలిసి కుర్రాళ్లను మైకు ముందు నిలబెట్టారు. మనవాడు అప్పటికి గోడల మీద రంగు డబ్బాతో 'సోఆర్' అని సంతకం చేసేవాడు. అది సాగి 'సోలార్' అయింది. బాకలోరియా, అంటే మన ఇంటర్ లాంటిది, పాసై పారిస్‌లోని జుస్సియు క్యాంపస్‌లో భాషలు, తత్వశాస్త్రం చదవడానికి చేరాడు. చదువు సగంలో పాట తగులుకుంది.

మొదటి పాట 'బూజ్ దె లా'. 'జరుగు అక్కణ్ణుంచి' అని అర్థం. మెజోన్ అల్ఫోర్ అనే శివారు ఊళ్లో మొదలవుతుంది. కుర్రాడు ఎక్కడికి వెళ్లినా ఆ మాటే ఎదురవుతుంది. తిట్టు లేదు, గొంతు చించుకోవడం లేదు, అంతా వేళాకోళం. వెనక వినిపించే బాణీ సిమాండ్ అనే బృందం 1970లలో చేసిన పాటలోంచి తీసుకున్నది. ఆ సిమాండ్ వాళ్లెవరనుకున్నారు? కరీబియన్ దీవుల నుంచి లండన్ చేరిన వలస కుటుంబాల వాళ్లు. ఇలాంటి దారాలు పట్టుకుని లాగడం నాకో సరదా. 'నల్లవాణ్ణి ఎక్కడికెళ్లినా తరిమేస్తున్నారు' అన్న ఫిర్యాదును మొహం మీద కొట్టినట్టు చెప్పకుండా దేశం మొత్తాన్నీ డాన్స్ చేయించాడు. అర్థమైనవాళ్లకు అర్థమైంది, కానివాళ్లు కూడా కాలు కదిపారు.

1991లో మొదటి ఆల్బమ్ వచ్చింది. దాని పేరే ఒక పాఠం. ఫ్రెంచ్‌లో 'గాలిని నాటినవాడు తుఫానును కోస్తాడు' అని బైబిల్ నుంచి వచ్చిన సామెత ఉంది. మన 'చేసుకున్నవాడికి చేసుకున్నంత' లాంటిది. తుఫాను అంటే 'తెంపెత్'. ఆయన దాన్ని 'తెంపో' చేశాడు. గాలిని నాటినవాడు లయను కోస్తాడు. ఒక్క అక్షరం కదిపితే శాపం కాస్తా కచేరీ అయింది. ఆ ఆల్బమ్ 4 లక్షలకు పైగా అమ్ముడైంది. ర్యాప్ అంటే నాలుగు రోజుల ముచ్చట అనుకుంటున్న దేశంలో ఆ అంకె చూసి రికార్డు కంపెనీలు కళ్లు నులుముకున్నాయి.

అందులోనే 'కరొలీన్' ఉంది. మీరు మొదట వినాల్సింది ఇదే. పోయిన ప్రేమ గురించి పాట. అందులో ఒక చోట తనను తాను కళావరు ఆసుతో పోల్చుకుంటాడు. పేకాట తెలిసినవాళ్లకు ఇది చెప్పడం సుఖం. ఫ్రెంచ్‌లో కళావరు 'త్రెఫ్ల్', ఆఠీను 'కర్', ఇస్పేటు 'పీక్'. 'కర్' అంటే గుండె కూడా. 'పీక్' అంటే 'గుచ్చుతుంది' అని కూడా. అందుకే ఆయన ఒకే వాక్యంలో 'నేను నీ గుండెను గుచ్చే కళావరు ఆసును' అంటే, అదే గుక్కలో కళావరు, ఇస్పేటు, ఆఠీను మూడూ వరసగా పడిపోతాయి. క్రియ ఒక ముక్క, కర్మ ఇంకో ముక్క. దీన్ని మనవాళ్లు శ్లేష అంటారు. పింగళి సూరన ఇలాంటి వాక్యాలతో ఒకే కావ్యంలో రామాయణం, భారతం రెండూ నడిపాడు. అంత భారం ఇక్కడ లేదు గానీ, ఆనందం ఆ జాతిదే.

ఫ్రెంచ్‌లో ర్యాప్ అసలు కుదరదని మొదట్లో చాలామంది అన్నారు. అందులో కొంత నిజం ఉంది కాబట్టి ఈ సంగతి కాస్త విడమర్చాలి. ఇంగ్లిష్‌లో ప్రతి మాటలోనూ ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది. డ్రమ్ము దెబ్బ ఎక్కడ పడాలో ఆ ఊనికే చెబుతుంది. ఫ్రెంచ్‌లో మాటకు ఊనిక లేదు. పదబంధం చివర కాస్త సాగుతుంది, మిగతా అక్షరాలన్నీ దాదాపు ఒకే తూకం. మన పద్యానికి గురువు, లఘువు అనే నిడివి ఉంది. వాళ్ల పద్యానికి అదీ లేదు, అక్షరాలు లెక్కపెట్టుకోవడమే. పన్నెండు అక్షరాల పాదం వాళ్ల రాజఛందస్సు. కాబట్టి ఫ్రెంచ్ ర్యాపర్ చేతిలో మిగిలిన ఆయుధం ధ్వని. పాదం చివర ప్రాస చాలదు. పాదం లోపల కూడా ఒకే అచ్చు పదే పదే మోగాలి, హల్లులు ఒకదాన్నొకటి తరుముకోవాలి. సోలార్ పాట వింటుంటే అర్థం చెవిలో పడేలోగా శబ్దం ముందు వెళ్లిపోవడానికి కారణం ఇదే. మొదటి నెల తలనొప్పి అన్నది కూడా ఇందుకే.

ఇంకో తేడా చెప్పాలి. శివారు కుర్రాళ్ల భాషలో 'వెర్లాన్' అని ఒకటుంది. మాటను తిరగేస్తారు. 'ఫామ్' అంటే ఆడమనిషి, తిరగేస్తే 'మఫ్'. 'ఫ్లిక్' అంటే పోలీసు, తిరగేస్తే 'కఫ్'. చిన్నప్పుడు మనం పెద్దవాళ్లకు తెలియకుండా మాట్లాడుకున్న క-భాష లాంటిదే, కాకపోతే ఇది నిఘంటువుల దాకా వెళ్లింది. సోలార్ దీన్ని వాడడని కాదు, మోతాదుగా వాడతాడు. ఆయన ఎక్కువగా ఆడుకునేది బడి ఫ్రెంచ్‌తోనే. మీలా కోర్సు చేసి నేర్చుకున్నవాళ్లకు ఆయన అందడానికి కారణం అదే. వెర్లాన్ నిండిన ఇప్పటి ర్యాప్ నాకే సగం అందదు, మా అబ్బాయిని అడుగుతాను.

1994లో రెండో ఆల్బమ్ 'ప్రోజ్ కోంబా' వచ్చింది. చేయీ చేయీ కలిపే యుద్ధాన్ని 'క్లోజ్ కోంబా' అంటారు. 'క్లోజ్' తీసి 'ప్రోజ్' పెట్టాడు, వచనంతో యుద్ధమన్నమాట. మొదటి ఆల్బమ్‌కు బాణీలు కట్టిన జిమ్మీ జే ఇందులోనూ ఉన్నాడు. అతనితో పాటు బూమ్ బాస్, జ్దార్ అనే ఇద్దరు కుర్రాళ్లు పనిచేశారు. ఆ ఇద్దరే తర్వాత 'కాసియస్' పేరుతో ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీతంలో పేరు తెచ్చుకున్నారు. నన్నడిగితే ఫ్రెంచ్ ర్యాప్‌లో ఒక్క ఆల్బమే మిగలాలంటే ఇదే మిగలాలి. ఐయామ్ అనే మరో ర్యాప్ బృందం అభిమానులు నా మీద పడతారు, పడనివ్వండి.

అందులో 'నువో వెస్టర్న్' అనే పాట ఉంది. వెనక వినిపించేది సెర్జ్ గెన్స్‌బూర్ 1968లో బ్రిజిత్ బార్దోతో పాడిన 'బోనీ అండ్ క్లైడ్' బాణీ. అమెరికన్ దొంగల గురించి ఒక ఫ్రెంచివాడు కట్టిన పాట అది. డాకర్‌లో పుట్టినవాడు దాన్ని తీసుకుని, అమెరికా కౌబాయ్ సినిమాలను, అమెరికా మోజును ఎగతాళి చేయడానికి వాడాడు. పాట అరిజోనాలో మొదలవుతుంది. అరిజోనా అని పలికాక, వెంటనే 'హ్యారీ జోనా' అంటాడు. ఫ్రెంచ్‌లో 'హ' పలకరు కాబట్టి రెండూ వినడానికి ఒకటే. హ్యారీ ఒక మనిషి పేరు, 'జోనా' క్రియ. 'జోనే' అంటే పనీపాటా లేకుండా తిరగడం, వీధి మాట. కానీ ఆ క్రియను పెట్టిన కాలం పాసే సాంప్ల్, నవలల్లోనూ చరిత్ర పుస్తకాల్లోనూ తప్ప నోటి వాడుకలో లేని భూతకాలం. బజారు మాటకు పట్టు పంచె కట్టాడు! మనవైపు ఎవరైనా 'బలాదూరు తిరిగెను' అంటే ఎలా ఉంటుందో అలా. ఈ వాక్యాన్ని నేను ఏటా క్లాసులో బోర్డు మీద రాస్తాను. పాసే సాంప్ల్ అంటే పారిపోయే పిల్లలు కూడా ఆ రోజు నవ్వుతారు.

1993లో అమెరికన్ ర్యాపర్ గురు తన 'జాజ్‌మటాజ్' మొదటి భాగంలో ఈయనతో ఒక పాట చేశాడు. గురు ఇంగ్లిష్‌లో, ఈయన ఫ్రెంచ్‌లో. అమెరికావాళ్లు మరో దేశపు ర్యాపర్‌ను అలా సరిసమానంగా పక్కన కూర్చోబెట్టుకోవడం ఆ రోజుల్లో అరుదు.

ఇక కోటా సంగతి. రేడియోల్లో మోగే పాటల్లో 40 శాతం ఫ్రెంచ్‌లో ఉండాలని, అందులో సగం కొత్త గొంతులవో కొత్త పాటలో కావాలని చట్టం వచ్చింది నిజమే. కానీ అది 1994లో పాసై, 1996 జనవరి 1 నుంచి అమలైంది. 'బూజ్ దె లా', 'కరొలీన్', 'నువో వెస్టర్న్' మూడూ అంతకు ముందే ఇంటింటికీ చేరాయి. 1995లో విక్తువార్ ద లా మ్యుజీక్ అవార్డుల్లో ఏడాది ఉత్తమ గాయకుడిగా నిలబడింది ఈయనే. కోటా ఆయన్ని పైకి తేలేదు. కోటా లాభం తర్వాతి వరసకు దక్కింది. ఫ్రెంచ్ పాటలు తక్కువపడిన స్కైరాక్ లాంటి యువ స్టేషన్లు ర్యాప్ వైపు తిరిగాయి, దాంతో ఫ్రాన్స్ ర్యాప్ వినే పెద్ద దేశాల్లో ఒకటైంది. ఫ్రెంచ్ భాషను ఇంగ్లిష్ నుంచి కాపాడాలని పెట్టిన నియమం శివారు పిల్లలకు తలుపు తీసింది. తీసినవాళ్లు ఇది ఊహించి ఉంటారని నేననుకోను.

ఇప్పుడు ముందే అన్న ఆ చిన్న అవమానం దగ్గరికొద్దాం. సోలార్‌ను మెచ్చుకున్న తీరులో ఒక మెలిక ఉంది. పత్రికలు ఆయన్ని కవి అన్నాయి, పాత మహాకవుల వారసుడన్నాయి. అదే నోటితో మిగతా ర్యాపర్లను రౌడీలన్నాయి. సాన్ డెని నుంచే వచ్చిన ఎన్‌టిఎం అనే జంట ఉంది. ఆ పేరు పూర్తి రూపం ఇక్కడ రాయలేను, తల్లి మీద తిట్టు. పోలీసులను తిట్టారని వాళ్లకు 1996లో తూలోన్ కోర్టు జైలు శిక్ష వేసింది, ఆరు నెలలు పాడకూడదంది. అప్పీలులో తర్వాత తగ్గించారు. 'చూడండి, సోలార్ ఎంత మర్యాదగా పాడతాడో' అనడానికి ఈయన పేరు వాడుకునేవారు. మంచి వలసవాడు, చెడ్డ వలసవాడు అన్న లెక్క. శివారు కుర్రాళ్లలో కొందరికి దీనివల్లే ఆయనంటే చిరాకు. టీచర్లకు నచ్చే ర్యాపర్ అనేవారు. నేను టీచర్నే, నాకు నచ్చాడు, కాబట్టి ఆ దెబ్బ నాకూ తగులుతుంది.

కానీ మెత్తగా మాట్లాడాడు కాబట్టి మెతక మాటే మాట్లాడాడనుకుంటే పొరపాటు. 'అర్మాన్ ఎ మోర్' అన్న పాట వీధిలో చచ్చిపోయిన నిరుపేద గురించి. 'లా కోంక్యుబిన్ ద లెమొగ్లోబిన్' యుద్ధాన్ని నెత్తుటి ఉంపుడుగత్తెగా చూపిస్తుంది. ఫ్యాషన్ పిచ్చిలో కడుపు మాడ్చుకునే అమ్మాయి గురించీ ఒక పాట ఉంది. కోపం ఉంది, అది అరుపుగా కాకుండా వ్యంగ్యంగా వస్తుంది. వేమన గట్టిగా అరిచాడని ఎవరైనా అనగలరా? పైగా ఆ మెచ్చుకోలు నడుస్తున్న రోజుల్లోనే, 1993లో, విదేశీయుల మీద ఆంక్షలు బిగించిన పాస్కువా చట్టాలు వచ్చాయి. ఫ్రాన్స్‌లోనే పుట్టిన విదేశీయుల పిల్లలు కూడా 'నాకు ఫ్రెంచ్ పౌరసత్వం కావాలి' అని నోరు తెరిచి అడిగితేనే ఇస్తామని అదే ఏడాది ఇంకో చట్టం చేశారు. 1998లో దాన్ని ఎత్తేశారు. ఒకడి భాషకు చప్పట్లు కొడుతూ, అతని పక్కింటి పిల్లవాణ్ణి కాగితాలు చూపించమనడం ఆ పదేళ్ల స్వభావం.

డాకర్‌తో ఆయన తెగతెంపులు చేసుకోలేదు. 1992లో అక్కడ కచేరీ ఇచ్చినప్పుడు పాజిటివ్ బ్లాక్ సోల్ అనే స్థానిక జంట ముందుగా పాడింది. దీదియే అవాది, డగ్గీ టీ. వాళ్లు సెనెగల్ భాష వొలోఫ్‌లో, ఫ్రెంచ్‌లో, ఇంగ్లిష్‌లో కలిపి పాడేవారు. ఈయన వాళ్లను ఫ్రాన్స్‌కు పిలిపించాడు. సెనెగల్ ర్యాప్ బయటి ప్రపంచానికి తెలియడంలో అదొక మెట్టు. వలస వెళ్లినవాడు తిరిగి ఊరికి డబ్బు పంపడం మనకు తెలుసు, ఈయన తిరిగి వేదిక పంపాడు.

ఇక అందరూ ఒక్క వాక్యంలో ముగించేదీ, నేను మాత్రం ఆగకుండా మాట్లాడేదీ ఒకటుంది. మూడో ఆల్బమ్ కోసం ఆయన చాలా పాటలు రికార్డు చేశాడు, రెండు డిస్కులు కలిపి ఒకటిగా రావాలనుకున్నాడు. కంపెనీ పోలిడోర్ దాన్ని విడగొట్టి 1997లో 'పారదీసియాక్', 1998లో ఆయన పేరుతోనే ఇంకోటి వేసింది. ఒకటిని రెండు చేస్తే ఒప్పందంలో లెక్క మారిపోతుంది కదా. వ్యవహారం కోర్టుకెక్కింది, ఒప్పందం తెగింది. తెగాక మొదటి నాలుగు ఆల్బమ్‌లు అమ్మకానికి లేకుండా పోయాయి. పాటలు ఆయనవి, టేపులు కంపెనీవి. ఇద్దరి ఒప్పుకోలూ లేనిదే కొత్త కాపీ రాదు. అది ఒకటీ రెండేళ్లు కాదు, సుమారు ఇరవై ఏళ్లు.

నేను పారిస్ శివార్లలో ఉన్నది ఆ కాలంలోనే. 'ప్రోజ్ కోంబా' నా దగ్గర అరిగిపోయిన క్యాసెట్ మీద ఉండేది. సీడీ కొనుక్కుందామని వెళితే కొత్తవి అమ్మే షాపులో లేదు. రెండో చేతి సీడీల షాపులో అడిగితే ఆయన నా వైపు జాలిగా చూసి, 'వస్తే నేనే ఉంచుకుంటాను మెస్యూ' అన్నాడు. ఆరు నెలలు తిరిగాక ఒక ఆదివారం పాత సామాన్ల సంతలో దొరికింది, పెట్టె పగిలి ఉంది. ఆ తర్వాత స్ట్రీమింగ్ వచ్చి ప్రపంచంలోని చెత్తంతా ఫోనులోకి చేరింది గానీ ఆ నాలుగూ మాత్రం చేరలేదు. ఒక తరం మొత్తం ఈయన పేరు విని, పాట వినకుండా పెరిగింది. ఇవాళ ఇరవై, పాతికేళ్ల ఫ్రెంచివాళ్లకు సోలార్ అంటే పాఠ్యపుస్తకంలో పేరు మాత్రమే అవడానికి సగం కారణం ఇదే అని నా నమ్మకం. 2021లో మొదటి ఆల్బమ్, ఆ వెనకే 'ప్రోజ్ కోంబా' తిరిగి విడుదలయ్యాయి. మీరు ఇవాళ ఫోనులో వెతికితే దొరుకుతున్నది అందుకే.

గొడవ తర్వాత సొంత కాళ్ల మీద నిలబడి 2001లో తెచ్చిన ఆల్బమ్ పేరు గమనించండి: 'సాంకియెమ్ ఆస్', అంటే ఐదో ఆసు. అది ఆయన ఐదో ఆల్బమ్. పేకలో ఆసులు నాలుగే. ఆ నాలుగూ బల్ల మీంచి తీసేశాక ఇంకోటి తీసి వేశాడు. పేరు పెట్టినప్పుడు ఆయన మనసులో సరిగ్గా ఇదే ఉందని నేను ప్రమాణం చేయను. కళావరు ఆసుతో మొదలైనవాడి చేతిలో అది చూసినప్పుడు నాకు వేరే ఆలోచన రాదు. అందులో 'సోలార్ ప్లర్' అన్న పాట వీలునామాలా మొదలవుతుంది, తన చావును తానే ఊహించుకుంటాడు. 'లా బెల్ ఎ ల బ్యాడ్ బాయ్' అన్న ఇంకో పాట అమెరికన్ సీరియల్ 'సెక్స్ అండ్ ద సిటీ' పారిస్ ఘట్టాల్లో మోగింది. అలా చాలామంది ఇంగ్లిష్ ప్రేక్షకులు ఆయన్ని తెలియకుండానే విన్నారు.

తర్వాతది గబగబా చెప్పేయొచ్చు. 2003లో 'మాక్ సీస్', 2007లో 'షాపిత్ర్ సెత్'. ఆరూ ఏడూ అంకెలు పేర్లలోనే ఉన్నాయి. రెండోదాంట్లో 'దా విన్సీ క్లోద్' అని తన పేరుతోనే చమత్కారం. బాగుంటాయి, మొదటి రెండింటి పదును లేదు. తర్వాత పదేళ్ల మౌనం. 2017లో 'జియోపొయెతీక్'తో తిరిగొచ్చాడు. మరుసటి ఏడాది విక్తువార్‌లో దానికి వచ్చిన బహుమతి ర్యాప్‌ను చేర్చే నగర సంగీత విభాగంలో కాదు, 'షాన్సోన్' విభాగంలో. షాన్సోన్ అంటే పియాఫ్, బ్రెల్ లాంటి వాళ్ల పాట, ఫ్రెంచివాళ్లు తమ సొంతమని గుండెకు హత్తుకునేది. ఆ నగర సంగీత విభాగం బహుమతి ఆ ఏడు తర్వాతి తరం వాడైన ఓరెల్సాన్‌కు వెళ్లింది. ఆయన మన మనిషేనని ఒప్పుకోవడమా, లేక ఆయన ర్యాపర్ కాదులే అని మళ్లీ వేరు చేయడమా? నేను రెండు రకాలుగానూ వాదించగలను, క్లాసులో వాదించాను కూడా. 2024లో 'లుయర్ సెలెస్త్'తో మళ్లీ పాడాడు.

వినే పద్ధతి అడగలేదు గానీ చెబుతాను. సాహిత్యం చూడకుండా 'కరొలీన్' రెండుసార్లు వినండి, తెలిసిన మాటలు మాత్రం కాగితం మీద రాసుకోండి. పది వచ్చినా గొప్పే. అప్పుడు సాహిత్యం తెరిచి పేక ముక్కలు ఎన్ని దాగున్నాయో వెతకండి. నేను మూడే చెప్పాను. 'బూజ్ దె లా' మాట్లాడే భాషకు మంచిది, రోజూ పొద్దున ఒకసారి పాటతో పాటు మీరూ పలకండి. ఫ్రెంచ్ అక్షరాల తూకం నోటికి పట్టడానికి ఇంతకంటే చవకైన వ్యాయామం నాకు తెలియదు. 'నువో వెస్టర్న్' మూడో వారంలో పెట్టుకోండి, ముందు వద్దు. హ్యారీ దగ్గరికి రాగానే పాట ఆపి, ఆ క్రియ మిగతా పురుషల్లో ఎలా ఉంటుందో చేత్తో రాసి చూడండి. 'ను జోనామ్' దగ్గర మీకు నవ్వు వస్తే, బి2కి ఫీజు కట్టేయండి.